పందిరి నుంచి సీసా దాకా: ఉప్పల్, నాచారం ప్రాంతపు ద్రాక్షసాగు, సేంద్రియ ఎర్ర వైన్ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

హైదరాబాదు చుట్టుపక్కల నేలలు ఇరవయ్యవ శతాబ్దంలో దేశానికి మేలైన ద్రాక్షను అందించాయి. 'అనాబ్-ఎ-షాహీ' రకానికి ఈ నగరమే పుట్టినిల్లుగా పేరుపొందింది. అయినా నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతం వైన్ ద్రాక్షకు కేంద్రం కాలేదు. సేంద్రియ ఎర్ర వైన్ తయారీకి తగిన రకం, అనువైన చట్టం, నిలకడైన నేల అనే మూడూ ఒకేసారి సమకూరాలి. ఈ ప్రాంతంలో అవి వేర్వేరు కాలాల్లో వచ్చాయి, ఒకదాని కోసం ఒకటి ఆగలేదు. ఈ విషయాన్ని భాష, వ్యవసాయం, రసాయనిక ధర్మం, అబ్కారీ విధానం, భూవినియోగం అనే కోణాల నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అనాబ్-ఎ-షాహీ, బాగాయత్, ఉప్పల్, నాచారం, అబ్కారీ, సేంద్రియ సాగు, ఎర్ర వైన్.

1. ప్రవేశిక

'వైన్స్' అన్న బోర్డు కనిపించని పట్టణం తెలుగునాట అరుదు. ఆ బోర్డు కింద ప్రధానంగా అమ్ముడయ్యేవి విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. ద్రాక్షపండు పులియగా వచ్చే అసలు వైన్‌కు ఆ అరల్లో దక్కేది ఒక మూల మాత్రమే. పేరు ఒక పానీయానిది, వ్యాపారం మరొకదానిది. ఈ విడ్డూరాన్ని భాషలోని పొరపాటుగా కొట్టివేయడానికి వీలులేదు. ద్రాక్షను బాగా ఎరిగి, వైన్‌ను దూరంగా ఉంచిన ఒక ప్రాంతపు ఆర్థిక చరిత్ర ఆ బోర్డులో దాగి ఉంది.

సేంద్రియ ఎర్ర వైన్ సీసా మీది చీటీ రెండు మాటలు ఇస్తుంది. సీసాలోని పానీయం ఫలానా తోట నుంచి వచ్చిందన్నది మొదటిది. ఆ తోటలో నేలకూ నీటికీ తీగకూ కృత్రిమ రసాయనాలు తగలలేదన్నది రెండవది. రెండింటికీ ఆధారం నేల. కాబట్టి ఇటువంటి వైన్ చరిత్రను అన్వేషించడమంటే ఒక తోట ఎంతకాలం ఒకే చోట నిలిచిందో, ఏ నీరు తాగిందో, ఎవరి ఆజ్ఞలకు లోబడిందో అన్వేషించడమే. ఉప్పల్, నాచారం ప్రాంతం ఈ ప్రశ్నలకు మంచి ఉదాహరణ. తోటల పేర్లు మిగిలి తోటలు మిగలని ప్రాంతం అది.

2. పంట కన్నా ముందు వచ్చిన మాట

తెలుగు సాహిత్యానికి ద్రాక్ష పంటగా కన్నా ఉపమానంగానే ముందు పరిచయమైంది. కావ్యశైలిని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించిన ఆలంకారికులు, నోట వేసుకోగానే రసం ఊరే శైలికి ద్రాక్షను గుర్తుగా నిలిపారు. అరటి, కొబ్బరి తెలుగు రైతు పెరట్లో ఉన్నవి. ద్రాక్ష చాలామందికి ఎండుపండుగానో, వైద్యుని మందుగానో తెలిసినది.

వైద్యపరంగా ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం ప్రసిద్ధమైనవి. ఆసవంలో ద్రవ్యాలను కాచకుండా పులియబెడతారు. అరిష్టంలో కషాయం కాచి పులియబెడతారు. కిణ్వనానికి ధాతకీపుష్పాలు తోడ్పడతాయి. వీటిలోని మద్యాంశం బయటి నుంచి కలిపినది కాదు, పులిసే క్రమంలో తనంతట తాను పుట్టినది. 1955 నాటి ఔషధ, అలంకరణ ద్రవ్యాల ఎక్సైజు సుంకాల చట్టం ఇటువంటి 'స్వయంజనిత' మద్యాంశాన్ని ప్రత్యేకంగా పరిగణించింది. అంటే, ద్రాక్షను పులియబెట్టే విద్య తెలుగు సమాజానికి కొత్తది కాదు. అది వంటింటికీ విందుకూ చెందక, వైద్యశాలకు పరిమితమైంది.

మరింత ప్రాచీనకాలంలో కౌటిల్యుని అర్థశాస్త్రం ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని 'మధు' అని పేర్కొని, కాపిశాయనం, హారహూరకం అనే పేర్లను చెప్పింది. ఈ రెండూ వాయవ్య ప్రాంతాలను సూచించేవి. పేరుపొందిన ద్రాక్షమద్యం దూరదేశపు సరుకన్న భావన ఆ నిర్వచనంలోనే ఉంది.

క్రైస్తవ వాఙ్మయం తెలుగుకు మరొక మాటను స్థిరపరిచింది. తెలుగు బైబిలులో వైన్ 'ద్రాక్షారసము' అయింది, దాని వెనుక ఉన్న నేల 'ద్రాక్షతోట' అయింది. పులిసినదా పులియనిదా అన్న భేదాన్ని 'రసము' అనే పదం మరుగుపరుస్తుంది. హైదరాబాదు వాడుకలో ఉర్దూ ప్రభావంతో 'అంగూర్' నిలిచింది. శాస్త్రానికి ద్రాక్ష, ప్రార్థనకు ద్రాక్షారసం, బజారుకు అంగూర్, దుకాణానికి వైన్స్ - ఒకే పండుకు నాలుగు లోకాలు ఏర్పడ్డాయి. ఈ నాలుగింటినీ కలిపే తోట మాత్రం ఆలస్యంగా వచ్చింది.

3. దక్కనుకు చేరిన తీగ

పద్నాలుగవ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన ఇబ్న్ బతూతా దౌలతాబాదు ప్రాంతపు ద్రాక్షను, దానిమ్మను ప్రస్తావించి, అక్కడ ఏటా రెండుసార్లు కాపు వస్తుందని రాశాడు. ఈ పరిశీలన ఉద్యానశాస్త్ర దృష్టితో ముఖ్యమైనది. చలిదేశాల్లో శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రించే ద్రాక్షతీగ, దక్కను వేడిలో నిద్రించదు. దాన్ని అదుపులో పెట్టవలసింది రుతువు కాదు, రైతు కత్తెర. దక్కను ద్రాక్షసాగు మొత్తం ఈ ఒక్క తేడా మీద నిర్మితమైంది.

దక్షిణాదిన ద్రాక్ష వ్యాప్తికి దౌలతాబాదు ఒక మార్గమైతే, పంతొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా తమిళ ప్రాంతంలోని మదురై, సేలం పరిసరాలు మరొక మార్గం. హైదరాబాదు మూడవది. ఇక్కడి ద్రాక్షకు ఆదరణ నిజాం కాలపు సంపన్నుల తోటల్లో దొరికింది. అనాబ్-ఎ-షాహీ వ్యాప్తితో హైదరాబాదుకు చెందిన అబ్దుల్ బాఖర్ ఖాన్ పేరు ముడిపడి ఉంది. అరబ్బీలో 'ఇనబ్' అంటే ద్రాక్ష, ఫారసీలో 'షాహీ' అంటే రాజసంబంధమైనది. రాజద్రాక్ష అన్న ఆ పేరులోనే దాని గమ్యం తెలుస్తుంది. అది గానుగకో పీపాకో కాక, భోజనపు బల్ల మీది పళ్ళేనికి పుట్టిన పండు.

అనాబ్-ఎ-షాహీ గుత్తులు పెద్దవి. గింజ ఉన్న కోలపండు, పండినకొద్దీ తేనెరంగుకు తిరుగుతుంది. కోసిన తరువాత కొంతకాలం చెడకుండా నిలుస్తుంది. సగటు దిగుబడి హెక్టారుకు 35 టన్నుల దాకా ఉంటుంది. తరువాతి కాలంలో దాన్ని వెనక్కు నెట్టిన థాంప్సన్ సీడ్‌లెస్ దిగుబడి సుమారు 20 నుంచి 25 టన్నులు. దిగుబడిలో గెలిచిన రకం గింజ కారణంగా మార్కెట్లో ఓడిపోయింది. గింజలేని ద్రాక్షకు అలవాటుపడిన నగర వినియోగదారుడు రాజద్రాక్షను పాతకాలపు పండుగా చూడసాగాడు.

4. బాగాయత్: పేరులో నిలిచిన తోట

నిజాం రాజ్య రెవిన్యూ భాషలో సాగునేల ప్రధానంగా మూడు తరగతులు: ఖుష్కీ అంటే మెట్ట, తరీ అంటే మాగాణి, బాగాత్ అంటే తోటభూమి. ఈ మూడవ మాట హైదరాబాదు పరిసర భూగోళంలో గాఢంగా నాటుకుంది. రాజధాని చుట్టూ అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాతోపాటు 'బాగాత్' పేరుతోనే ఒక జిల్లా ఉండేది. 1948లో ఈ రెండింటినీ కలిపి హైదరాబాదు జిల్లాగా ఏర్పరిచారు. 1978లో అందులోని గ్రామీణ ప్రాంతం నేటి రంగారెడ్డి జిల్లాకు మూలమైంది. 2016లో ఉప్పల్, నాచారం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగమయ్యాయి.

మూసీ ఒడ్డున ఉన్న ఉప్పల్ భాగాయత్ పేరు ఈ రెవిన్యూ భాషకు మిగిలిన సజీవసాక్ష్యం. నగరానికి అంచున, నీటికి దగ్గరగా, అమ్మకానికి అనువుగా ఉన్న నేలను తోటభూమిగా గుర్తించడం పాలనాపరమైన నిర్ణయం మాత్రమే కాదు. రాజధాని ఆకలినీ రుచినీ తీర్చే వలయంగా ఈ ప్రాంతాన్ని భావించిన దృష్టి అందులో ఉంది.

ఈ తూర్పు ప్రాంతపు నేల ప్రధానంగా గ్రానైటు శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్రచల్కా. నీరు నిలవదు, వేరు లోతుకు దిగగలదు. వానాకాలపు వర్షం తీగ పెరుగుదలకు సరిపోతుంది, శీతాకాలపు పొడి వాతావరణం పిందెకు మేలుచేస్తుంది, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండ పండులో తీపిని నింపుతుంది. ఈ నేలకు ఉన్న లోపం నీటి నిల్వ. మోటబావులతో సాగిన తోటపని విద్యుత్ పంపులు వచ్చాక విస్తరించింది. తరువాత బోరుబావుల లోతు పెరిగినకొద్దీ ఖర్చూ పెరిగింది. గట్టిరాతి నేలలో నీరు చీలికల్లో మాత్రమే ఉంటుంది. పక్కవాడి బోరు ఈ తోట నీటిని లాగేయగలదు.

5. పందిరి కింది శ్రమ

హైదరాబాదు ద్రాక్షతోటకు ప్రత్యేక రూపమిచ్చింది పందిరి. రాతికూసాలు, ఇనుపస్తంభాలు నిలిపి, వాటి మీద తీగెలు అల్లి, మనిషి తలెత్తు మీద ఆకుల కప్పు పరిచే పద్ధతి ఇది. బలంగా పెరిగే అనాబ్-ఎ-షాహీకి ఈ పద్ధతి బాగా కుదిరింది. ఎండ నేరుగా గుత్తుల మీద పడదు, కాపు విస్తారంగా వస్తుంది. కానీ పందిరి వేయడానికి మొదటి సంవత్సరంలోనే భారీ పెట్టుబడి కావాలి. కాపు ఆ తరువాతగాని రాదు. అందువల్ల ద్రాక్ష పేదరైతు పంట కాలేకపోయింది. చేతిలో డబ్బో, బ్యాంకులో పరపతో ఉన్నవారి పంట అయింది.

ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక కాపు - ఇది దక్కను నియమం. వేసవిలో, ఏప్రిల్ ప్రాంతంలో చేసే కత్తిరింపు తీగకు కొత్త కొమ్మలనిస్తుంది. ఆ కొమ్మల మీదే మరుసటి కాపుకు కారణమైన మొగ్గలు ఏర్పడతాయి. వానలు వెనుకబట్టాక, అక్టోబరు ప్రాంతంలో చేసే కత్తిరింపు పూతనిస్తుంది. ఫ్రాన్సులోనో ఇటలీలోనో మంచు చేసే పనిని ఇక్కడ కూలీల చేతులు చేయాలి. కత్తిరించడం, ఆకు దులపడం, రెమ్మలు కట్టడం, గుత్తిలో పిందెలు పలచన చేయడం, కోయడం, బుట్టలకెత్తడం వరుసగా జరగాలి. నగరం దగ్గరగా ఉండడం వల్ల సంత దగ్గరైంది. అదే కారణంగా కూలి కూడా నగరపు కూలితో పోటీపడవలసి వచ్చింది.

అక్టోబరు కత్తిరింపు తరువాత తుపాను వాన పడితే బూజుతెగులు విజృంభిస్తుంది. అనాబ్-ఎ-షాహీకి ఈ తెగులును తట్టుకునే శక్తి తక్కువ. దీనికి పాతకాలపు మందు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో, దారిపోయేవారు పళ్ళు కోయకుండా రోడ్డుపక్క తీగల మీద చల్లిన నీలిరంగు మిశ్రమం తెగులునూ ఆపుతున్నదని మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు గమనించి, 1885లో దాన్ని శాస్త్రలోకానికి వెల్లడించాడు. ఎర్ర వైన్‌కు ప్రసిద్ధమైన నేల నుంచి దక్కను పందిళ్ళకు ముందుగా చేరింది వైన్ కాదు, ఆ వైన్‌తోటల మందు.

6. తెల్లపండుతో ఎర్ర వైన్ సాధ్యమా?

ఎర్ర వైన్ రంగు ద్రాక్షరసంలో సాధారణంగా ఉండదు, తొక్కలో ఉంటుంది. నల్లద్రాక్షను తొక్కతో సహా పులియబెట్టినప్పుడు ఆంథోసయానిన్లు రంగునూ, టానిన్లు వగరునూ ఇస్తాయి. అనాబ్-ఎ-షాహీ తొక్కలో ఆ రంగు లేదు. కనుక దానితో ఎర్ర వైన్ చేయడం ప్రకృతిరీత్యా సాధ్యం కాదు.

రెండవ చిక్కు తీపి. ఈ రకంలో కరిగే ఘనపదార్థాలు సాధారణంగా 14 నుంచి 16 శాతం. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం మద్యాంశం వస్తుందన్న లెక్కన, ఈ రసం నుంచి దాదాపు 8, 9 శాతం మద్యాంశమే వస్తుంది. సాధారణ ఎర్ర వైన్‌కు 12 నుంచి 14 శాతం కావాలి. లోటును బయటి చక్కెరతో పూరించవచ్చు, కానీ అప్పుడు సీసాలోని మద్యాంశం పూర్తిగా తోటది కాదు.

మూడవది దిగుబడి. బోర్డో ప్రాంతపు సాధారణ ఎర్ర వైన్ నిబంధనలు హెక్టారుకు సుమారు 50, 60 హెక్టోలీటర్ల పరిధిలో ఉత్పత్తిని కట్టడి చేస్తాయి. పండు బరువులో లెక్కిస్తే అది పది టన్నుల లోపే. 35 టన్నులు పండించగల రైతును కాపు తగ్గించుకొమ్మని అడగాలంటే, తగ్గిన కాపుకు మూడు నాలుగు రెట్ల ధర చూపించాలి. ఆ ధర ఇచ్చే కొనుగోలుదారు హైదరాబాదు ద్రాక్షమార్కెట్లో లేడు. ఇక్కడి ద్రాక్షరైతు నైపుణ్యమంతా గుత్తి బరువును పెంచే దిశగా సాగింది. వైన్ అడిగే నైపుణ్యం దానికి సరిగ్గా ఎదురుదిశలోది.

దక్షిణాదిన ఎరుపుకు ఆధారం కర్ణాటకలోని బెంగుళూరు బ్లూ. చిన్నపండు, ముదురు ఊదా తొక్క, 16 నుంచి 18 శాతం తీపి దాని లక్షణాలు. రసానికీ వైన్‌కూ అది వాడుకలోకి వచ్చింది. బెంగుళూరు సమీపంలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ బెంగుళూరు బ్లూను అనాబ్-ఎ-షాహీతో సంకరపరచి 'అర్కా హంస్' రకాన్ని రూపొందించింది. అనాబ్-ఎ-షాహీ, క్వీన్ ఆఫ్ వైన్‌యార్డ్స్ సంకరంతో 'అర్కా సోమ' వచ్చింది. వైన్‌కు పనికివచ్చే సంతానం రాజద్రాక్షకు కలిగింది, కానీ పుట్టినింట్లో కాదు. హైదరాబాదులో రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం అనేక రకాలను సేకరించి పెంచినా, చుట్టుపక్కల రైతు పందిరి తినే ద్రాక్షకే కట్టుబడింది.

7. అబ్కారీ నీడ

రకం దొరికినా, పండించిన పండును రైతు తన తోటలోనే పులియబెట్టగలడా అన్నది తరువాతి ప్రశ్న. నిజాం రాజ్యానికి అబ్కారీ ముఖ్యమైన ఆదాయమార్గం. తాటికల్లు, ఈతకల్లు, ఇప్పసారా ఆ ఆదాయానికి మూలాలు. ఫసలీ 1316 నాటి హైదరాబాదు అబ్కారీ చట్టం తయారీ మీద, అమ్మకం మీద రాజ్యపు అదుపును స్థిరపరిచింది. ద్రాక్షమద్యం సంపన్నుల కోసం బయటినుంచి వచ్చే సరుకు. స్థానిక వ్యవసాయంతో దానికి సంబంధం లేదు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం మత్తుపానీయాలను రాష్ట్రజాబితాలో చేర్చింది. 47వ అధికరణం మద్యనిషేధాన్ని ఆదేశసూత్రాలలో నిలిపింది. ఒకవైపు నిషేధించాలన్న ఆదర్శం, మరొకవైపు ఆదాయం కావాలన్న అవసరం. ఈ రెండింటి మధ్య రూపొందిన 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం పరిధిలో వైన్ కూడా మద్యమే. రైతు అమ్ముకునే వ్యవసాయ ఉత్పత్తిగా వైన్‌ను చూసే దృష్టి ఆ చట్టానికి లేదు. 1986లో ఏర్పడిన బెవరేజెస్ కార్పొరేషన్ టోకు వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. భారతీయ వైన్ తొలిదశను ప్రస్తావించేవారు చెప్పే పేర్లలో 'గోల్కొండ' ఒకటి. అయితే ఒక వాణిజ్యనామానికి నగరపు కోట పేరు దక్కినంత మాత్రాన నగరపు తోటలు వైన్‌తోటలు కావు.

నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం తెలుగు స్త్రీల చరిత్రలో గొప్ప ఘట్టం. 1993 అక్టోబరు 1న సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధాన్ని ప్రవేశపెట్టింది. 1997లో అది సడలింది. ఈ ఉద్యమపు నైతికబలాన్ని ప్రశ్నించవలసిన అవసరం లేదు. సారా కుటుంబాలను కూల్చింది, స్త్రీలు దాన్ని ఎదుర్కొన్నారు. చారిత్రకంగా గమనించవలసింది కాలం. సరిగ్గా ఆ దశకంలోనే పొరుగురాష్ట్రాల్లో వైన్ పునాదులు పడ్డాయి. దొడ్డబళ్ళాపురం దగ్గర గ్రోవర్ తోటల నుంచి 1992లో తొలి వైన్ వచ్చింది. నాసిక్ ప్రాంతంలో సులా 1990 దశకం చివర మొదలై 2000 ప్రాంతంలో మార్కెట్టుకు చేరింది. 2001లో మహారాష్ట్ర ద్రాక్షశుద్ధి పరిశ్రమ విధానం వైన్‌ను వ్యవసాయాధార పరిశ్రమగా ప్రోత్సహించింది. తీగ నాటి వైన్ దాకా వెళ్ళడానికి ఏళ్ళు పడుతుంది. నిషేధం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని చోట అంత దీర్ఘకాలపు పెట్టుబడికి ఎవరు సాహసిస్తారు?

8. తోట నుంచి గజాలకు

ఉప్పల్, నాచారం నేలకు ఇంతలోనే మరొక విలువ వచ్చింది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో మొదలైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉప్పల్ రోడ్డుకు శాస్త్రీయ కీర్తిని తెచ్చాయి. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడలు కార్మికులను, వారి వెంట కాలనీలను తెచ్చాయి. నాచారంలో ఎన్.టి. రామారావు కుటుంబం నెలకొల్పిన స్టూడియో పేరు 'రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియోస్'. ఉద్యానమూ సినిమా ఒకే పేరులో ఒదిగిన ఆ స్థితి, తోటభూమి పట్టణభూమిగా మారే సంధికాలానికి చక్కని గుర్తు.

1975లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రధానంగా వ్యవసాయానికి వాడే భూమిని పట్టణభూమిగా పరిగణించలేదు, వ్యవసాయంలో ఉద్యానసాగునూ చేర్చింది. రెవిన్యూ దస్తావేజుల్లో వ్యవసాయభూమిగా నమోదు ఉండాలి, మాస్టర్ ప్లాన్ దాన్ని మరో అవసరానికి కేటాయించి ఉండకూడదు. ఈ నిబంధన తోటకు కొంత రక్షణనిచ్చింది. అదే సమయంలో తోట అన్నది పంటగా మాత్రమే కాక, భూమిని నిలుపుకునే చట్టబద్ధమైన రూపంగా కూడా మారడానికి అవకాశమిచ్చింది. తీగ బతికి ఉన్నంతకాలం భూమి వ్యవసాయభూమి. నగరం దగ్గరికి వచ్చాక ఆ భూమి ధర ముందు పండు ధర నిలవదు. 2008లో ఈ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో రద్దయింది.

2005లో ఉప్పల్ అంతర్జాతీయ క్రికెట్ మైదానంలో తొలి వన్డే జరిగింది. 2007లో ఉప్పల్ ప్రాంతం మహానగరపాలక సంస్థలో కలిసింది. 2017లో నాగోలు నుంచి మెట్రోరైలు కదిలింది. 2019లో ఉప్పల్ భాగాయత్ ప్లాట్లు వేలానికి వచ్చాయి. ఎకరాల్లో కొలిచిన తోటభూమి గజాల్లోకి మారింది. గజం ధర పెరగడానికి భాగాయత్ అన్న పేరు అడ్డురాలేదు. ఆ పేరుకు అర్థం తెలిసినవారు మాత్రం తగ్గిపోయారు.

9. సేంద్రియమన్న పరీక్ష

ఈ ప్రాంతంలో ఇంకా ఎక్కడైనా పందిరి నిలిచి ఉందనుకున్నా, అది సేంద్రియ వైన్‌తోట కావడానికి ఏం కావాలి? భారతదేశంలో 2001 నుంచి అమలులో ఉన్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ప్రకారం, ద్రాక్ష వంటి బహువార్షిక పంటకు తొలి సేంద్రియ కోతకు ముందు మూడు సంవత్సరాల పరివర్తనకాలం అవసరం. అన్నేళ్ళూ ఆ భూమి అదే నియమాల కింద నడవాలి. రేపు అమ్ముడవుతుందేమోనన్న నేల మీద మూడేళ్ళ నియమం పాటించడం కష్టం.

తరువాతది నీరు. నగరపు మురుగుతో సంవత్సరమంతా పారే మూసీ కింద ఉప్పల్, పీర్జాదిగూడ, పర్వతాపూర్ ప్రాంతాల్లో రైతులు పశుగ్రాసం, ఆకుకూరలు పండించారు. ఆ నీటితో జీవనోపాధి నిలిచింది, సేంద్రియ ధ్రువీకరణకు మాత్రం అటువంటి నీరు పనికిరాదు. పారిశ్రామికవాడల పక్కనున్న భూగర్భజలం కూడా పరీక్షకు నిలవాలి. రైతు తన చేనులో ఏ మందూ వాడకపోయినా, పొరుగు నుంచి వచ్చే నీరు అతని ప్రతిజ్ఞను భంగపరచగలదు.

మూడవది మందు. 2010లో తినే ద్రాక్షలో క్లోర్మెక్వాట్ క్లోరైడ్ అవశేషాల కారణంగా భారతీయ ద్రాక్షకు ఐరోపా మార్కెట్టులో పెద్ద దెబ్బ తగిలింది. అది తీగ పెరుగుదలను అదుపుచేసి మొగ్గకు తోడ్పడే రసాయనం. చలి చేయవలసిన పనిని మనిషి చేయవలసిరావడం వల్లనే ఇటువంటి రసాయనాల మీద ఆధారపడడం పెరిగింది. సేంద్రియ సాగులోనూ రాగి వాడకానికి అనుమతి ఉంది. అయితే ఐరోపా సమాఖ్య 2019 నుంచి దాన్ని ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోలకు పరిమితం చేసింది. అక్టోబరు వానల తాకిడికి గురయ్యే తోటకు ఈ పరిమితి గట్టిదే.

తోట దాటాక వైన్‌శాలలోనూ నియమాలున్నాయి. ఐరోపాలో 2012 దాకా 'సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్' అనడానికే వీలుండేది. ఆ ఏడాది నియమాలతో 'సేంద్రియ వైన్' అనే పేరు చెల్లుబాటైంది. తీపి మిగలని ఎర్ర వైన్‌లో సల్ఫైట్ల పరిమితి లీటరుకు సాధారణంగా 150 మిల్లీగ్రాములైతే, సేంద్రియ వైన్‌కు 100 మిల్లీగ్రాములు. అమెరికాలో సేంద్రియ ముద్ర కావాలంటే సల్ఫైట్లు అసలు కలపకూడదు. ఒకే మాట వేర్వేరు చోట్ల వేర్వేరు అర్థాలతో నడుస్తున్నదన్నమాట.

ఇంత కఠినమైన పరీక్షలో హైదరాబాదు పరిసరాలు పూర్తిగా ఓడిపోయాయని అనడం తొందరపాటు. నగరానికి ఉత్తరాన అల్వాల్‌కు చెందిన రైతు చింతల వెంకటరెడ్డి ద్రాక్షసాగుతో పేరు పొంది, పైమట్టినీ లోతుమట్టినీ మార్చిమార్చి వాడి భూసారాన్ని నిలిపే పద్ధతిని రూపొందించారు. 2020లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఎరువు కొనుక్కోవడం కన్నా నేలను అర్థంచేసుకోవడం ముఖ్యమన్న ఆయన దారి, ఈ చల్కానేలలో సేంద్రియ చింతనకు స్థానికమైన వేరు ఉందని చూపుతుంది. అది వైన్ కోసం పుట్టిన ప్రయోగం కాదు, రైతు నిలదొక్కుకోవడం కోసం పుట్టినది. అందుకే దాని విలువ ఎక్కువ.

10. ముగింపు

ఉప్పల్, నాచారం ప్రాంతపు ద్రాక్షచరిత్రను కాలక్రమంలో పేర్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. నేల ఉన్నప్పుడు పందిరి మీద ఉన్నది రంగులేని రాజద్రాక్ష. వైన్‌కు తగిన రకాలు, పరిజ్ఞానం దక్షిణాదికి చేరిన కాలంలో ఇక్కడి చట్టం మద్యాన్ని ఆదాయంగానో అపచారంగానో మాత్రమే చూసింది. వైన్ పట్ల మార్కెట్టుకూ సమాజానికీ ఆసక్తి పెరిగే వేళకు నేల గజాల్లోకి, నీరు మురుగులోకి మారిపోయాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా అడ్డుకోలేదు. మూడింటి కాలాలు కలవకపోవడమే అడ్డంకి అయింది.

ఈ నిర్ధారణకు రెండు ఫలితాలున్నాయి. మొదటిది, ఒక ప్రాంతంలో ద్రాక్ష పండిందన్న కారణంతో అక్కడి వైన్‌కు వారసత్వాన్ని ఆపాదించడం సరికాదు. తినే ద్రాక్ష చరిత్ర వేరు, వైన్ ద్రాక్ష చరిత్ర వేరు. హైదరాబాదు గర్వించవలసింది మొదటిదానికి. రెండవది, వైన్‌తోట లేకపోవడం ఈ ప్రాంతపు ప్రధాన నష్టం కాదు. ఏ తోటా నిలవలేకపోవడం అసలు నష్టం. సేంద్రియ ఎర్ర వైన్ అడిగే నిలకడైన భూమి, శుభ్రమైన నీరు, దీర్ఘకాలపు భరోసా అనే షరతులే ఆకుకూరకూ జామతోటకూ కూడా కావలసినవి. తోటభూమిని తోటభూమిగా నమోదు చేసిన పాత రెవిన్యూ పద్ధతి పన్ను కోసమే పుట్టి ఉండవచ్చు. అయినా నగరానికి ఆనుకొని పండే నేల ఒకటి ఉండాలన్న గుర్తింపు అందులో ఉంది. ఉప్పల్ భాగాయత్ అన్న పేరు నేటి పటాల మీద ఇంకా చెరగలేదు. ఆ పేరును స్థిరాస్తి ప్రకటనగా మాత్రమే కాక చారిత్రక పత్రంగా చదవడం పరిశోధకులు చేయవలసిన పని. రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల పాత పహాణీలలో పంట గళ్ళను గ్రామాలవారీగా క్రోడీకరిస్తే, ఏ సర్వే నంబరులో ఏ ఏడు పందిరి లేచిందో, ఏ ఏడు కూలిందో తేల్చే అవకాశం ఉంది. తెలంగాణ నగరీకరణ చరిత్రకు ఆ పని ఒక కొత్త అధ్యాయం చేరుస్తుంది.